పోయిన యూనిఫాం, ఐడీ కార్డు, ఆఫీసు బండి దుర్వినియోగం కాకుండా చూడటం ఎలా: సమగ్ర మార్గదర్శి

"యూనిఫాం పోయింది, ఇప్పుడేం చేయాలి?" అని చాలామంది అడుగుతున్నారు. వాళ్లను నేను ముందుగా అడిగేది ఒకటే: పోయిన ఎన్ని గంటలకు మీకు తెలిసింది? దొంగ చేతిలో ఆ వస్తువు బాగా పనికొచ్చేది ఆ గంటల్లోనే. సిస్టమ్‌లో రద్దు చేశాక కార్డుతో ఏ తలుపూ తెరుచుకోదు. రద్దు చేసేదాకా మాత్రం అది అసలు కార్డే.

స్టోర్ చూసేవాళ్లు, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జిలు, సెక్యూరిటీ సూపర్‌వైజర్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పోలీసు, ఫైర్, అంబులెన్సు, కరెంటు, కొరియర్, ప్రైవేటు సెక్యూరిటీ, ఎవరికైనా పద్ధతి ఒకటే. యూనిఫాం వేసుకొచ్చినవాళ్లకు తలుపు తీయాలా వద్దా అన్నదే మీ సందేహమైతే నేరుగా 6వ భాగానికి వెళ్లండి.

1. ముందు లెక్క తేల్చండి

ఏమేం ఉన్నాయో తెలియకపోతే ఏది పోయిందో కూడా తెలియదు. చాలా ఆఫీసుల్లో చొక్కాలు, ప్యాంట్లకు లెక్క ఉంటుంది. వాటి మీద ఉండే చిన్న వస్తువులకు ఉండదు.

నేను మొదటిసారి చేసిన స్టోర్ తనిఖీ ఇంకా గుర్తుంది. రిజిస్టర్‌లో 60 జాకెట్లు, బీరువాలో 60 జాకెట్లు. సరిపోయిందనుకుని సంతకం పెట్టబోయాను. ఎందుకో పైనున్న రెండు మూడింటిని విప్పి చూస్తే ఒకదానికి భుజం మీద బ్యాడ్జీ లేదు. అది ఉండాల్సిన చోట తెగిన దారపు పోగులు మాత్రం ఉన్నాయి. మొత్తం విప్పించాం. నాలుగు జాకెట్లకు అదే పరిస్థితి. ఎప్పుడు తీశారో, ఎవరు తీశారో ఎవరికీ తెలియదు, ఎందుకంటే బ్యాడ్జీలను లెక్కపెట్టిన మనిషే లేడు.

అందుకని మీ జాబితాలో ఇవన్నీ విడివిడిగా ఉండాలి:

- చొక్కాలు, జాకెట్లు, టోపీలు, మెరిసే పట్టీల కోట్లు
- భుజం బ్యాడ్జీలు, పేరు పట్టీలు, లోగో కుట్టిన గుడ్డ ముక్కలు
- ఐడీ కార్డులు, విజిటర్ పాసులు, పార్కింగ్ పాసులు, ఖాళీ కార్డులు
- బండ్లు, వాటి అసలు తాళాలు, స్పేర్ తాళాలు, ఫ్యూయల్ కార్డులు
- తలుపులకు అంటించే స్టిక్కర్లు, అయస్కాంతపు బోర్డులు, పైన తిరిగే లైట్లు
- రేడియో సెట్లు, రబ్బరు స్టాంపులు, లెటర్‌హెడ్లు

తర్వాత ప్రతి వస్తువు పక్కనా ఒక ప్రశ్నకు జవాబు రాయండి: పక్కన ఇంకేమీ లేకుండా ఇదొక్కటే ఉంటే ఎక్కడిదాకా వెళ్లవచ్చు? తలుపు తెరిచే కార్డు, రేడియో సెట్, బండి మొదటి తరగతి. పోతే నిమిషాల్లో చెప్పాలి. పూర్తి యూనిఫాం, బ్యాడ్జీ రెండో తరగతి. అదే షిఫ్టులో చెప్పాలి. లోగో ఉన్న టీషర్టు, పాత టోపీ మూడో తరగతి. మరుసటి రోజు చెప్పినా చాలు. అన్నింటికీ ఒకే గడువు పెడితే కొన్నాళ్లకు ఎవరూ దేన్నీ పట్టించుకోరు.

2. యూనిఫాం: ఇచ్చిన రోజు నుంచి కత్తిరించే రోజు దాకా

ప్రతి జాకెట్ లోపలా చెరగని నంబరు ఉండాలి. మెడ దగ్గర అతికించిన లేబుల్ గోరుతో వచ్చేస్తుంది, కాబట్టి లోపలి కుట్టులో కలిపి కుట్టించండి. ఆ నంబరు ఎవరి పేరు మీద ఉందో రిజిస్టర్‌లో ఉండాలి.

కొత్తది కావాలంటే పాతది తెచ్చి ఇవ్వాలి. "చిరిగిపోతే పారేశాను" అంటే ఒప్పుకోకండి. చిరిగిన ముక్కయినా సరే, నంబరు ఉన్న భాగం తేవాలి. మొదట్లో అందరూ గొణుగుతారు. రెండు నెలల్లో అలవాటవుతుంది.

యూనిఫాంలు ఎక్కువగా చేజారేది గోడ దూకే దొంగ వల్ల అనుకుంటాం. నేను చూసినంతలో లాండ్రీ, టైలర్, లాకర్ గది, ఉద్యోగం మానేసినవాళ్ల అల్మరా, ఈ నాలుగు చోట్ల నుంచే పోతాయి. లాండ్రీకి పంపేటప్పుడు లెక్కపెట్టి, సంచికి సీలు వేసి, తిరిగొచ్చాక మళ్లీ లెక్కపెట్టండి. బ్యాడ్జీలను వెల్‌క్రోతో అంటించే రకానికి మారిస్తే ఇంకా మంచిది. ఉతకడానికి పంపే ముందు అవి తీసి మన దగ్గరే ఉంచుకోవచ్చు.

టైలరుకు, ఎంబ్రాయిడరీ చేసేవాళ్లకు మీ లోగో ఫైలు ఇచ్చారా? అయితే వాళ్లకు ఇంకో కాగితం కూడా ఇవ్వాలి: ఎవరి సంతకంతో ఆర్డరు వస్తే కుట్టాలో, తప్పుగా కుట్టిన ముక్కలు ఎన్ని తిరిగివ్వాలో. వంద బ్యాడ్జీలు కుడితే రెండు మూడు చెడిపోవడం మామూలే. అవి చెత్తబుట్టలోకి పోకుండా మీ దగ్గరికి రావాలి.

డ్యూటీకి వచ్చిపోయేటప్పుడు యూనిఫాం మీద మామూలు జాకెట్ వేసుకోమనండి. కారు వెనక సీటు పక్కన హ్యాంగర్‌కు తగిలించడం మాన్పించండి. అద్దం పగలగొట్టేవాడిని మనమే పిలిచినట్టు అవుతుంది.

పాతవాటిని దానం చేయాలనుకుంటే చేయండి, కానీ లోగో, బ్యాడ్జీ, పట్టీలు అన్నీ కత్తిరించాకే. కుట్టు విప్పడం చాలదు. విప్పిన బ్యాడ్జీ చెక్కుచెదరకుండా మిగులుతుంది, దాన్ని ఇంకో చొక్కాకు కుట్టుకోవచ్చు. అందుకని బ్యాడ్జీని అడ్డంగా రెండు ముక్కలు చేయండి. ఇద్దరి ఎదుట చేయండి, నంబర్లు రాసుకోండి.

3. ఐడీ కార్డు: చూపును నమ్మనక్కర్లేని కార్డు

కార్డు అందంగా ఉందా, హోలోగ్రామ్ మెరుస్తోందా అన్నది గేటు దగ్గరుండే మనిషికి పెద్దగా పనికిరాదు. రెండు సెకన్ల చూపులో అతనికి కనిపించేవి మూడే: ఫోటో, గడువు తేదీ, రంగు. ఆ మూడింటినీ పెద్దగా పెట్టండి. మిగతా అక్షరాలు చిన్నగా ఉన్నా ఫర్వాలేదు.

తలుపులు తెరిచే కార్డులైతే అవి ఏ రకమో కనుక్కోండి. 125 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే పాత రకం కార్డుల్లో చాలావరకు రీడర్ దగ్గరికి తేగానే ఎప్పుడూ అదే నంబరు పంపుతాయి. వాటికి నకలు తీయడం తేలిక. 13.56 మెగాహెర్ట్జ్ రకంలో సమాచారాన్ని రహస్య సంకేతంగా మార్చి పంపే ఏర్పాటు, అంటే ఎన్‌క్రిప్షన్ ఉన్న కార్డులు దొరుకుతాయి. అయితే ఆ ఫ్రీక్వెన్సీ ఉన్నంత మాత్రాన భద్రమైనది అనుకోకండి. వాటిలోనూ పాత, బలహీనమైన రకాలున్నాయి. ఎన్‌క్రిప్షన్ ఉందా, మీ సిస్టమ్ దాన్ని నిజంగా వాడుతోందా లేక కార్డు నంబరు మాత్రమే చదివి ఊరుకుంటోందా అని అమ్మినవాళ్లను రాతపూర్వకంగా అడగండి. అన్నీ ఒకేసారి మార్చలేకపోతే సర్వర్ గది, రికార్డు గది, ఆయుధాల గది వంటి చోట్ల కార్డుతో పాటు పిన్ కూడా అడిగేలా పెట్టండి.

క్యూఆర్ కోడ్ గురించి ఒక మాట. కార్డు మీద కోడ్ ఉంటే భద్రం అనుకుంటారు. నకిలీ కార్డు మీద నకిలీ కోడ్ వేస్తే అది నకిలీ పేజీకే తీసుకెళ్తుంది, అక్కడ పచ్చ టిక్కు కనిపిస్తుంది. కోడ్‌ను మీ సొంత యాప్‌తో మాత్రమే స్కాన్ చేయాలి. తెరమీద వచ్చే ఫోటోను ఎదుటి మనిషి ముఖంతో పోల్చాలి.

చాలామంది చేసే పెద్ద తప్పు ఇంకోటుంది. కార్డు పోయిందంటే అదే నంబరుతో ఇంకో కార్డు ప్రింటు చేసి ఇస్తారు. అప్పుడు పోయిన కార్డూ పనిచేస్తుంది, కొత్తదీ పనిచేస్తుంది. పాత నంబరు రద్దు కావాలి, కొత్త కార్డుకు కొత్త నంబరు రావాలి.

కార్డుల చెక్‌లిస్ట్:

- గడువు తేదీ లేని కార్డు ఒక్కటి కూడా ఉండకూడదు
- కాంట్రాక్టు సిబ్బంది కార్డు, కాంట్రాక్టు ముగిసే రోజునే దానంతట అదే ఆగిపోవాలి
- ఉద్యోగం మానేసినవాళ్ల కార్డు చివరి డ్యూటీ ముగియగానే రద్దు కావాలి, సెటిల్‌మెంట్ దాకా ఆగకూడదు
- "దొరికితే ఇక్కడికి పంపండి" అన్న చోట పోస్టు బాక్సు నంబరు ఉండాలి, కార్డు ఏ తలుపులు తెరుస్తుందో చెప్పే చిరునామా ఉండకూడదు
- మెడలో కార్డుతో ఫోటో దిగి సోషల్ మీడియాలో పెట్టకూడదని కొత్తగా చేరిన రోజే చెప్పాలి

4. బండి: తాళం, జాడ, స్టిక్కర్

అత్యవసర సేవల బండ్లను దొంగలు ఎత్తుకుపోయేటప్పుడు తరచూ ఇంజిన్ ఆన్‌లోనే ఉంటుంది. పిలుపు వచ్చింది, సిబ్బంది దిగి పరిగెత్తారు, లైట్లు వెలుగుతుండాలని ఇంజిన్ ఆపలేదు. డ్రైవర్లను తిట్టి ప్రయోజనం లేదు, వాళ్ల పనే అలాంటిది. దీనికి రన్‌లాక్ అనే ఏర్పాటు ఉంది. తాళం తీసేసినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది, కానీ ఎవరైనా గేరు వేసో హ్యాండ్‌బ్రేకు దించో కదిలించబోతే ఆగిపోతుంది. ముందుగా డబ్బు పెట్టాల్సింది దీనిమీదే అని నా అభిప్రాయం.

తాళం పెట్టకుండా బటన్‌తో స్టార్టయ్యే బండ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. తాళం గది లోపల ఉన్నా, దాని సిగ్నల్‌ను పట్టి బండి దాకా చేరవేసే పరికరాలు దొంగల దగ్గర ఉంటున్నాయి. డ్యూటీలో లేనప్పుడు ఆ తాళాలను సిగ్నల్ బయటికి పోనివ్వని సంచిలోనో లోహపు పెట్టెలోనో ఉంచండి. పెట్టాక బండి పక్కన నిలబడి తలుపు తెరిచి చూడండి. తెరుచుకుంటే ఆ సంచి పనికిరాదు.

జీపీఎస్ రెండు పెట్టండి: ఒకటి మామూలు చోట, ఒకటి దాచిన చోట. మొదటిదాన్ని దొంగ పీకేస్తాడు. డ్యూటీ లేని వేళ బండి కదిలితే అలర్ట్ రావాలి. ఆ అలర్ట్ ఎవరి ఫోనుకు వస్తుందో కూడా చూడండి. తెల్లవారుజామున 3 గంటలకు వచ్చిన అలర్ట్‌ను ఉదయం 9కి చూసే మేనేజరుకు పంపి లాభం లేదు.

బండి పైకప్పు మీద పెద్ద అక్షరాలతో నంబరు రాయించండి. హెలికాప్టర్ నుంచో ఎత్తయిన భవనం మీద నుంచో చూసేవాళ్లకు అదొక్కటే ఆధారం.

సర్వీసింగ్‌కు పంపేటప్పుడు బండిని ఖాళీ చేయండి. రేడియో, యూనిఫాం, ఫ్యూయల్ కార్డు, డాష్‌బోర్డులో ఉన్న డ్యూటీ చార్టు, ఏదీ ఉండకూడదు. స్పేర్ తాళం ఒకే మనిషి జేబులో ఉండకూడదు. సీలు వేసిన కవర్లో, సంతకంతో తీసుకునే పెట్టెలో ఉండాలి.

ఇక బండిని అమ్మేటప్పుడు. దీనిమీద ఎంత శ్రద్ధ పెట్టినా తక్కువే. 2020 ఏప్రిల్ 18, 19 తేదీల్లో కెనడాలోని నోవా స్కోషియాలో 22 మందిని చంపిన వ్యక్తి, సర్వీసు నుంచి తీసేసి అమ్మిన పోలీసు కారును కొని, మళ్లీ పోలీసు కారులా తయారుచేసుకుని అందులో తిరిగాడు. అది దొంగిలించిన బండి కాదు.

అమ్మకానికి ముందు చేయాల్సినవి:

- స్టిక్కర్లు పీకడంతో ఆగకండి. ఏళ్ల తరబడి ఎండకు చుట్టూ రంగు వెలిసి, స్టిక్కర్ కింద మాత్రం కొత్తగా ఉంటుంది. పీకాక కూడా అక్షరాలు నీడలా చదవొస్తాయి. పక్క నుంచి టార్చి వేసి చూడండి. కనిపిస్తే పాలిష్ పట్టించాలి, లొంగకపోతే పెయింటు వేయించాలి
- లైట్లు, సైరన్, రేడియో, యాంటెన్నా, వాటిని బిగించే బ్రాకెట్లు, మిగిలిన వైర్లు అన్నీ తీయించండి
- నాలుగు వైపులా, పైకప్పు, లోపల ఫోటోలు తీసి ఫైల్లో పెట్టండి
- ఇవన్నీ పూర్తయ్యాయని సంతకం లేనిదే బండి ఆవరణ దాటకూడదు

5. పోయిందని తెలిసిన వెంటనే

ఈ భాగాన్ని ప్రింటు తీసి కంట్రోల్ రూం గోడకు అంటించుకోవచ్చు.

అన్నిటికంటే ముందు 24 గంటలూ ఎత్తే ఒక ఫోన్ నంబరు ఉండాలి. పోగొట్టుకున్నవాళ్లు ఎవరికి చెప్పాలో ఆలోచించకూడదు. రెండోది, చెప్పినందుకు శిక్ష ఉండకూడదు. కార్డు పోతే జరిమానా అన్న చోట జనం మూడు రోజులు ఇల్లంతా వెతుకుతారు, నాలుగో రోజు చెబుతారు. జరిమానా పెట్టాలనిపిస్తే ఆలస్యానికి పెట్టండి, పోగొట్టుకున్నందుకు కాదు.

మొదటి 15 నిమిషాలు:

- కార్డు రద్దు చేయండి. "ఒకవేళ దొరికితే?" అని ఆగకండి. కొత్త కార్డు ప్రింటు చేయడం పెద్ద పని కాదు
- ఆ కార్డు చివరిసారి ఏ తలుపు దగ్గర, ఎన్ని గంటలకు వాడారో లాగ్‌లో చూడండి. యజమాని చెప్పిన దానితో పోల్చండి
- రేడియో పోతే కంట్రోల్ రూంకి చెప్పండి. డిజిటల్ సెట్లలో చాలావాటిని దూరం నుంచే పనిచేయకుండా ఆపవచ్చు. పాత అనలాగ్ సెట్ అయితే ఛానెల్, కోడ్ మాటలు మార్చాలి
- బండి పోతే జీపీఎస్ చూస్తూనే పోలీసులకు ఫోన్ చేయండి. మీవాళ్లెవరినీ వెంటపడనివ్వకండి. కదులుతున్న బండి ఇంజిన్‌ను దూరం నుంచి ఆపే పని కూడా చేయకండి, రోడ్డు మీద ఉన్నవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది

మొదటి గంట:

- పోలీసు ఫిర్యాదులో "ఒక యూనిఫాం" అని రాస్తే దానివల్ల ఏమీ జరగదు. సైజు, రంగు, లోపలి నంబరు, బ్యాడ్జీ నంబరు రాయండి
- బండి ఛాసిస్ నంబరు ఇవ్వండి. 1981 నుంచి వచ్చిన చాలా వాహనాలకు అది 17 అక్షరాలు, అంకెల నంబరు. అందులో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. ఫోన్లో విని రాసుకున్న నంబరులో ఓ కనిపిస్తే అది సున్నా, ఐ కనిపిస్తే ఒకటి
- అన్ని గేట్లకూ, పక్క శాఖలకూ సందేశం పంపండి

సందేశం ఇలా ఉంటే చాలు: "ఉదయం 7:40కి ఒక ఐడీ కార్డు పోయినట్టు తెలిసింది. చివరి నాలుగు అంకెలు ఇవి. 7:52కి రద్దు చేశాం. ఈ కార్డుతో ఎవరైనా వస్తే లోపలికి పంపకండి. వాదించకండి, అడ్డుకోకండి. వెంటనే కంట్రోల్ రూంకి ఫోన్ చేయండి." పోగొట్టుకున్న మనిషి పేరు అందులో వద్దు. ఆ పేరు బయటికి పోతే దొంగకు చెప్పుకోవడానికి ఒక పేరు కూడా దొరికినట్టే.

ఒకసారి రాత్రి షిఫ్టు గార్డు నాకు ఫోన్ చేశాడు. "సార్, ఆ నంబరు కార్డుతో ఒకాయన వచ్చాడు. మెషీన్ ఎర్ర లైటు చూపించింది. సిస్టమ్ డౌన్ అయిందేమో, తీయమంటున్నాడు." నేను వెళ్లేసరికి ఆ మనిషి లేడు. గార్డు చేసిన మంచి పని ఒక్కటే: తలుపు తీయలేదు. ఎర్ర లైటు వచ్చినప్పుడు "సిస్టమ్ పాడైంది" అన్న మాట ఎంత తేలిగ్గా నోటికి వస్తుందో, అంత తేలిగ్గా మనవాళ్లు నమ్ముతారు.

మొదటి రోజు పూర్తయ్యేలోగా ఆ మనిషి దగ్గరున్న మిగతా వస్తువులన్నీ లెక్కపెట్టించండి. పర్సుతో కార్డు పోతే ఫ్యూయల్ కార్డు, పార్కింగ్ పాసు కూడా పోయి ఉండవచ్చు.

దొరికిన తర్వాత కూడా పని ఉంది. తిరిగొచ్చిన కార్డును మళ్లీ వాడకండి, నకలు తీసి ఉండవచ్చు. బండి తిరిగొస్తే తాళాలు రీకోడ్ చేయించి, మీవి కాని ట్రాకర్లు, పరికరాలు ఏమైనా ఉన్నాయేమో వెతికించాకే డ్యూటీకి పంపండి.

6. తలుపు తీసేవాళ్లకు

1990 మార్చి 18న అమెరికాలోని బోస్టన్‌లో గార్డ్‌నర్ మ్యూజియానికి అర్ధరాత్రి దాటాక పోలీసు దుస్తుల్లో ఇద్దరు వచ్చారు. గొడవ జరిగిందని ఫిర్యాదు వచ్చిందన్నారు. గార్డు లోపలికి రానిచ్చాడు. 13 కళాఖండాలు పోయాయి, ఇప్పటికీ దొరకలేదు. ఆ గార్డు ఈ కింది చెక్‌లిస్టులో రెండో అడుగు వేసి ఉంటే సరిపోయేది.

1. తలుపు మూసే ఉంచి మాట్లాడండి. పేరు, శాఖ, ఎందుకు వచ్చారు, ఎవరు పంపారు అని అడగండి.
2. ఆ శాఖకు మీరే ఫోన్ చేయండి. కార్డు మీద ఉన్న నంబరుకో, వచ్చిన మనిషి ఇచ్చిన నంబరుకో కాదు, మీ దగ్గర ముందే రాసిపెట్టుకున్న నంబరుకు.
3. వాళ్లు అవునన్నాకే తీయండి. ఈలోగా "కాసేపు ఆగండి" అనడానికి మొహమాటపడకండి. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇది అలవాటే.
4. తొందరపెట్టడం, "నేనెవరో తెలుసా" అనడం, ఫోన్ చేయొద్దనడం, అక్కడికక్కడే డబ్బు అడగడం: వీటిలో ఏది జరిగినా తీయకుండా అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి.

మంటలు కనిపిస్తున్నా, ఎవరైనా పడిపోయి ఉన్నా ఈ వరుస వర్తించదు. మీరే పిలిచిన అంబులెన్సును గేటు దగ్గర ఆపి ఫోన్లు చేస్తూ కూర్చోకండి.

రోడ్డు మీద గుర్తులు సరిగా లేని బండి ఆపమంటే పారిపోవద్దు. వేగం తగ్గించి, నాలుగు ఇండికేటర్లు వేసి, వెలుతురు, జనం ఉన్న చోటిదాకా నెమ్మదిగా వెళ్లండి. ఈలోగా అత్యవసర నంబరుకు ఫోన్ చేసి, ఫలానా చోట ఒక బండి ఆపమంటోంది, అది మీదేనా అని అడగండి. తలుపులు లాక్ చేసి, అద్దం కొద్దిగా దించి మాట్లాడండి.

7. తరచూ చూసే తప్పులు, వాటికి మందు

రిజిస్టర్ రాసేదీ స్టోర్ తాళం ఉండేదీ ఒకే మనిషి దగ్గర: రెండూ విడదీయండి. మనిషి మంచివాడే కావచ్చు, కానీ తప్పు జరిగితే అతన్ని కాపాడేది కూడా ఈ ఏర్పాటే.

ఏడాదికోసారి ముందే చెప్పి చేసే తనిఖీ: ముందు రోజు అన్నీ అరువు తెచ్చి పెడతారు. నెలకోసారి చెప్పకుండా వెళ్లి పది వస్తువులు మాత్రం అడగండి. నంబర్లు చదివించండి.

పెద్దసారు కార్డు లేకుండా వస్తే నమస్కారం పెట్టి లోపలికి పంపడం: దీనికి మందు పెద్దసారు దగ్గరే ఉంది. ఆయనే ఒకసారి కావాలని కార్డు లేకుండా వచ్చి, ఆపిన గార్డును అందరి ముందు మెచ్చుకోవాలి. వంద సర్క్యులర్ల కంటే ఇది పనిచేస్తుంది.

8. పరీక్షించి చూసుకోండి

కాగితం మీద అన్నీ బాగుంటాయి, కాబట్టి మూడు నెలలకోసారి ఇవి చేయండి:

- ఒక కార్డును రద్దు చేయించి, అది అన్ని తలుపుల దగ్గరా నిజంగా ఆగిందో లేదో తిరిగి చూడండి. నెట్‌వర్క్‌తో కలవని పాత తలుపు ఒకటి ఎక్కడో ఉంటుంది
- రాత్రి వేళ, కంట్రోల్ రూం పెద్దకు మాత్రమే చెప్పి, ఒక బండిని ఆవరణలోనే వంద మీటర్లు కదిలించండి. ఫోన్ ఎన్ని నిమిషాలకు మోగిందో రాసుకోండి
- "నా కార్డు పోయింది" అని సెలవు రోజు మీ 24 గంటల నంబరుకు ఫోన్ చేయండి. ఎత్తారా? ఎత్తినవాళ్లకు రద్దు చేయడం వచ్చా, లేక "సోమవారం ఆఫీసుకు రండి" అన్నారా?